పేరు మార్చుకుంటే పాట బయటికొస్తుందట



పోయిన భాగంలో పేర్ల గురించి రాశాను. మనల్ని ఏమని పిలవాలో తేల్చే అధికారం ఎవరి చేతిలో ఉంటుందో, మన చరిత్రకి తేదీలు వేసే అధికారం కూడా వాళ్ళ చేతిలోనే ఉంటుందని అన్నాను. ఈసారి ఆ మాటని ఒక పాటల ఆల్బమ్ పక్కన పెట్టి చూద్దాం. ఇది మన ఊళ్ళో జరిగింది కాదు. అమెరికాలో, డెట్రాయిట్ నగరంలో, ముగ్గురు నల్లజాతి అన్నదమ్ములకి జరిగింది. కానీ చదువుతుంటే ఇది ఎక్కడో విన్నట్టుందే అని మీకే అనిపిస్తుంది.

ఆ అన్నదమ్ముల పేర్లు డేవిడ్, డానిస్, బాబీ. ఇంటిపేరు హాక్నీ. డేవిడ్ గిటార్, డానిస్ డ్రమ్స్, బాబీ బేస్ గిటార్ వాయిస్తూ పాడేవాడు. ఇంట్లోనే ఒక గదిలో సాధన. మొదట్లో అందరిలాగే ఫంక్ వాయించారు, బ్యాండ్ పేరు రాక్ ఫైర్ ఫంక్ ఎక్స్‌ప్రెస్. తర్వాత ద హూ, ఆలిస్ కూపర్ లాంటి వాళ్ళ కచేరీలు చూసి రాక్ వైపు తిరిగారు. మామూలు రాక్ కూడా కాదు. వేగం, కోపం, మూడు వాయిద్యాలతోనే ఇల్లు అదిరిపోయే మోత. ఇంతలో 1974లో వాళ్ళ నాన్న రోడ్డు ప్రమాదంలో పోయాడు. ఆ దుఃఖంలోంచి డేవిడ్‌కి ఒక ఆలోచన వచ్చింది. చావు అంటే అందరూ భయపడే మాట. ఆ మాటని తిరగేసి, దానికి మంచి అర్థం ఇద్దాం అన్నాడు. బ్యాండ్‌కి పేరు మార్చాడు. కొత్త పేరు డెత్. చావు.

1975లో డెట్రాయిట్‌లోని యునైటెడ్ సౌండ్ స్టూడియోలో రికార్డింగ్ మొదలైంది. 12 పాటలు అనుకున్నారు. ఆ కుటుంబం చెప్పేదాని ప్రకారం, రికార్డు కంపెనీల లోకంలో మహా పెద్ద మనిషి అయిన క్లైవ్ డేవిస్‌కి వీళ్ళ పాటలు నచ్చాయి, ఖర్చు పెట్టడానికి ముందుకొచ్చాడు. ఒక్కటే షరతు: ఆ పేరు మార్చండి. డేవిడ్ ససేమిరా అన్నాడు. ఈరోజు బ్యాండ్ పేరు ఇచ్చేస్తే రేపు మన దగ్గర ఇవ్వడానికి ఇంకేమీ మిగలదని తమ్ముళ్ళతో వాదించాడట. అంతే, డబ్బు ఆగిపోయింది. 12 పాటల్లో 7 దగ్గరే రికార్డింగ్ నిలిచిపోయింది.

మరుసటి ఏడాది, 1976లో, వాళ్ళే ట్రయాంగిల్ అనే సొంత లేబుల్ పెట్టుకుని రెండు పాటలతో ఒక చిన్న రికార్డు వేశారు. 500 కాపీలు. రేడియో వాళ్ళు పట్టించుకోలేదు. 1977కి బ్యాండ్ అయిపోయింది. అన్నదమ్ములు వెర్మాంట్ రాష్ట్రానికి వెళ్ళిపోయారు. 1982లో డేవిడ్ ఒక్కడే డెట్రాయిట్ తిరిగొచ్చాడు. 2000లో ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో చనిపోయాడు. పోయే ముందు ఆ అసలు టేపులు తమ్ముడు బాబీ చేతిలో పెట్టి, ఇవి జాగ్రత్త, ఏదో ఒకరోజు లోకం వీటిని వెతుక్కుంటూ వస్తుంది అన్నాడట. బాబీ వాటిని అటక మీద పెట్టాడు.

లోకం వచ్చింది. డేవిడ్ పోయిన తొమ్మిదేళ్ళకి. 2009లో డ్రాగ్ సిటీ అనే చిన్న కంపెనీ ఆ 7 పాటల్ని ఆల్బమ్‌గా వేసింది. పత్రికలు రాశాయి. 2012లో డాక్యుమెంటరీ వచ్చింది. పంక్ రాక్ అనే సంగీతానికి పేరు స్థిరపడకముందే ఈ నల్లపిల్లలు దాన్ని వాయించేశారని అందరూ ముక్కున వేలేసుకున్నారు.

ఇక్కడిదాకా చెప్పి ఆపేస్తే ఇది అందరికీ నచ్చే కథ. ప్రతిభ దాగదు, ఆలస్యమైనా గుర్తింపు వస్తుంది అని ముగించి చప్పట్లు కొట్టుకోవచ్చు. నాకు ఆ చప్పట్లతోనే పేచీ. 1975లో రావలసిన ఆల్బమ్ విడుదల కాలేదు. ఇంకెప్పటికీ కాదు. 12 పాటలతో అనుకున్న ఆ ఆల్బమ్‌లో మిగిలిన 5 పాటలు ఆ స్టూడియోలో ఎవరూ రికార్డు చేయలేదు. దాన్ని విని గిటార్ పట్టుకోవలసిన డెట్రాయిట్ వాడల పిల్లలు అప్పుడు వినలేదు. 2009లో వచ్చింది ఒక చారిత్రక పత్రం. విలువైనదే, కాదనను. కానీ దాన్ని చూపించి, చూశారా చివరికి న్యాయం జరిగింది అంటే మాత్రం ఒప్పుకోను.

ఇప్పుడు అసలు ప్రశ్నకి వద్దాం. చావు అని పేరు పెట్టుకుంటే ఏ వ్యాపారి అయినా వెనకాడడా, ఇందులో జాతి ఎక్కడుంది అని అడిగేవాళ్ళుంటారు. న్యాయమైన ప్రశ్నే. జవాబు రికార్డు దుకాణం అరల్లోనే ఉంది. గ్రేట్‌ఫుల్ డెడ్ అనే తెల్లవాళ్ళ బ్యాండ్ 1960ల నుంచీ ఉంది. ఆ పేరులోనే చచ్చినవాడున్నాడు. వార్నర్ లాంటి పెద్ద కంపెనీ వాళ్ళ రికార్డులు వేసింది. బ్లాక్ సబ్బాత్ అనే బ్రిటిష్ బ్యాండ్ 1970లో మొదటి ఆల్బమ్ తెచ్చింది. దయ్యాలూ చీకట్లూ అమ్ముకునే కోట్లు సంపాదించింది. అంతెందుకు, 1980ల్లో ఫ్లోరిడాలో తెల్లకుర్రాళ్ళు ఒక బ్యాండ్ పెట్టి, దానికి అచ్చంగా డెత్ అనే పేరే పెట్టుకున్నారు. 1987లో వాళ్ళ మొదటి ఆల్బమ్ ఆ పేరుతోనే వచ్చింది. వాళ్ళ వాద్యశైలి చుట్టూ ఒక సంగీత శాఖే పుట్టింది. డెత్ మెటల్ అంటారు.

కాలం వేరు, కంపెనీలు వేరు, నిజమే. అయినా చావు అనే మాట మార్కెట్‌లో అమ్ముడుపోదన్నది అబద్ధమని తేలిపోయింది కదా. తెల్లవాడు ఆ పేరు పెట్టుకుంటే సరదా, తిరుగుబాటు, కళాకారుడి వింత. నల్లవాడు పెట్టుకుంటే భయం. 1967లో డెట్రాయిట్‌లో తిరుగుబాటు జరిగింది. సైన్యం దిగింది. 43 మంది చనిపోయారు. ఆ జ్ఞాపకం ఇంకా ఆరని నగరంలో, ముగ్గురు నల్ల యువకులు నిలబడి మేం చావు అంటే వినేవాళ్ళకి అది సంగీతంలా వినపడదు. పేరు మారలేదు. పెట్టుకున్న ఒళ్ళు మారింది.

రెండో గోడ ఇంకొకటుంది. అమెరికా రేడియోలో నల్లవాళ్ళ పాట ఒక పెట్టెలో ఉండాలి. ఆ పెట్టె మీద చీటీని మాత్రం వాళ్ళే మార్చుకుంటూ పోయారు. బిల్‌బోర్డ్ పత్రిక అమ్మకాల జాబితాలో నల్లవాళ్ళ పాటలకి ఒకప్పుడు రేస్ రికార్డ్స్ అని పేరు. 1949లో దాన్ని రిథమ్ అండ్ బ్లూస్ అన్నారు. 1969లో సోల్ అన్నారు. 1982లో బ్లాక్ అన్నారు. చీటీ మారింది, పెట్టె అలాగే ఉంది. చక్ బెర్రీ, లిటిల్ రిచర్డ్, వాళ్ళకంటే ముందు గిటార్‌తో చర్చి పాటల్ని మోగించిన సిస్టర్ రోసెటా థార్ప్ లాంటి నల్లవాళ్ళు పునాది వేసిన రాక్ సంగీతం, 1970లు వచ్చేసరికి తెల్లవాళ్ళ ఆస్తి అయిపోయింది. తాత కట్టిన ఇంట్లోకి మనవడు వెళ్తే, ఇక్కడ నీకేం పని అని అడిగినట్టు. రాక్ స్టేషన్లకి వీళ్ళు నల్లవాళ్ళు. నల్లవాళ్ళ స్టేషన్లకి వీళ్ళు రాక్. చుట్టుపక్కల వాళ్ళు కూడా ఈ తెల్లోళ్ళ మోతేమిటి, మోటౌన్ పాటలు వాయించొచ్చు కదా అన్నారట. ఆ తర్వాత బాబీ, డానిస్ వెర్మాంట్‌లో లాంబ్స్‌బ్రెడ్ అనే రెగే బ్యాండ్ పెట్టుకుని ఏళ్ళ తరబడి వాయించారు. నల్లవాడు రెగే వాయిస్తే ఎవరికీ ఇబ్బంది లేదు. అది వాడికి కేటాయించిన చోటే.

ఈ చీటీలూ పెట్టెలూ మనకి కొత్తా? 1917లో బెజవాడలో జరిగిన సభకి మొదట పెట్టుకున్న పేరు పంచమ సభ. అధ్యక్షుడుగా వచ్చిన భాగ్యరెడ్డి వర్మ ఆ పేరు దగ్గరే పేచీ పెట్టాడు. అయిదో వర్ణం అనేది ఎక్కడుంది, మేం ఈ నేల ఆదివాసులం అన్నాడు. సభ పేరు ఆది ఆంధ్ర అయ్యింది. గాంధీ హరిజన అన్నాడు. 1938లో బొంబాయి శాసనసభలో ఆ పేరుని చట్టంలోకి ఎక్కించబోతే అంబేడ్కర్, ఆయన పార్టీ సభ్యులు లేచి బయటికి నడిచారు. 1972లో బొంబాయిలో మన కుర్రాళ్ళు అమెరికా బ్లాక్ పాంథర్స్‌ని చూసి దళిత్ పాంథర్స్ అని పేరు పెట్టుకున్నారు. 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో దండోరా మోగింది. ఆ తర్వాత వందల మంది యువకులు తమ పేరు చివర మాదిగ అని రాసుకున్నారు. ఉద్యమం తర్వాతి రాజకీయాలతో ఎవరికి ఎంత పేచీ అయినా ఉండనివ్వండి. ఆ ఒక్క పని మాత్రం మామూలు పని కాదు. రచ్చబండ దగ్గర తిట్టుగా వాడిన మాటని, రెడ్డి, చౌదరి, శాస్త్రి, శర్మ పక్కన సమానంగా కుర్చీ వేసి కూర్చోబెట్టారు. డేవిడ్ హాక్నీ చావు అనే మాటతో చేయబోయింది సరిగ్గా ఇదే.

పెట్టిన పేరుని ఊరికే ఉండనిస్తారా? 2018 ఆగస్టులో కేంద్ర సమాచార ప్రసార శాఖ టీవీ చానళ్ళకి ఒక సలహా పంపింది. దళిత్ అనే మాట వాడొద్దు, షెడ్యూల్డ్ కులాలు అనండి అని. షెడ్యూల్డ్ కులం అనేది రాజ్యాంగం ఇచ్చిన హక్కు పేరు. దాన్ని ఎవరూ తీసెయ్యమనడం లేదు. కానీ మేం తెచ్చుకున్న పేరు మా నోటి నుంచి ఎందుకు తియ్యాలి? ఒకటి సర్టిఫికెట్ మీద ఉండే పేరు. ఒకటి ఊరేగింపులో అరిచే పేరు. ఆ రెండో పేరంటేనే వాళ్ళకి ఇబ్బంది.

చావు అనే మాట దగ్గర మనకి ఇంకా దగ్గర చుట్టరికం ఉంది. ఊళ్ళో ఎవరైనా పోతే మొదట కబురొచ్చేది మా వాడకే. డప్పు కావాలి. గడ్డి మంట వేసి, డప్పు కాచి, చిర్ర ఒక చేత, సిటికెన పుల్ల ఒక చేత పట్టుకుని, ఇంటి దగ్గర నుంచి శ్మశానం దాకా కొట్టుకుంటూ పోవాలి. కొట్టినవాడు ఆ ఇంటి గడప తొక్కకూడదు. పెళ్ళికి కొట్టినా పందిరి బయటే. జాతరకి కొట్టినా గుడి బయటే. అందుకే మా పెద్దల్లో కొంతమంది డప్పు అవతల పారేశారు. ఇది మాకు అంటగట్టిన చావు, దీన్ని మోయం అన్నారు. వాళ్ళ కోపం న్యాయం. ఇంకొంతమంది అదే డప్పుని సభా వేదిక మీదికి ఎక్కించారు. కారంచేడు తర్వాత, చుండూరు తర్వాత, చనిపోయినవాళ్ళ కోసం మోగిన డప్పు చంపినవాళ్ళ గుండెల్లో మోగింది. వాళ్ళదీ న్యాయమే. రెండు దారుల్లోనూ నిర్ణయం మనది. మూడో దారి ఒకటుంది, అది మనది కాదు. డప్పు దెబ్బ తీసుకుంటాం, కొట్టినవాడి పేరు వద్దు అనేది. ఆ దారిలో సినిమా నడుస్తోంది, టీవీ నడుస్తోంది. మనం కడితే అది జానపదం, అంటే ఎవరిదీ కాదు. దాన్నే రెండు మాటలు మార్చి వాళ్ళు వాడుకుంటే దానికి రచయిత ఉంటాడు, సంగీత దర్శకుడు ఉంటాడు, హక్కుల కంపెనీ ఉంటుంది.

మా వాడ సంగతి ఒకటి చెప్తాను. దండోరా రోజుల్లో మా దగ్గర ఒక పాటల బృందం ఉండేది. మా పెదనాన్న అందులో డప్పు. చందాలు వేసుకుని, కూలి డబ్బులు కూడబెట్టి, టౌన్లో ఒక చిన్న స్టూడియోలో 10 పాటలు రికార్డు చేశారు. ఒక క్యాసెట్ల కంపెనీ దగ్గరికి తీసుకెళ్ళారు. ఆయన మొత్తం విన్నాడు. గొంతులు బాగున్నాయి, దరువు బ్రహ్మాండం అన్నాడు. అట్ట మీద మాదిగ అన్న మాట ఒక్కటి తీసేద్దాం, పల్లె పదాలు అని పెడదాం, లేకపోతే షాపులవాళ్ళు తీసుకోరు అన్నాడు. అట్ట మీద డప్పు బొమ్మ కూడా వద్దు, పచ్చని పొలం వేద్దాం అన్నాడు. పొలం! అందులో పాడినవాళ్ళెవరికీ సెంటు భూమి లేదు. మావాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పెదనాన్న ఒక్కటే అడిగాడు: "పేరు తీసేశాక ఇది మేం పాడామని మా పిల్లలకి ఎట్టా తెలుస్తుందండీ?" ఆయన దగ్గర దానికి జవాబు లేదు. మావాళ్ళు టేపు తీసుకుని బస్సెక్కి ఇంటికొచ్చేశారు.

ఆ క్యాసెట్ రాలేదు. మాస్టర్ టేపు ఒక రేకు పెట్టెలో ఉండిపోయింది. పెదనాన్న పోయాక పెట్టె తెరిస్తే బూజు పట్టి, పొరలు ఒకదానికొకటి అంటుకుపోయి ఉంది. తెలిసినవాళ్ళ చేత నెమ్మదిగా నడిపిస్తే 4 పాటలు దక్కాయి. మిగతా ఆరూ ఎవరికీ పూర్తిగా రావు. పాడిన ఇద్దరు ముసలమ్మలు చరణాలు ఒకటీ అరా గుర్తు చేసుకున్నారు. మా వాడలో ఏ పాట ఎవరు కట్టారో తెలిసిన చివరి తరం అది. ఒక వ్యాపారికి ఒక మాట ఇబ్బంది అనిపించినందుకు మాకు పడిన ఖర్చు ఇది.

ఇక్కడ తెలివైనవాళ్ళు ఒక సలహా ఇస్తారు. ఒక్క మాటే కదా, అప్పటికి సర్దుకుపోయి, పాట బయటికొచ్చాక పేరు చెప్పుకోవలసింది అని. హాక్నీలకీ అదే చెప్పారు. ఆ సలహాకి జవాబు వాళ్ళ జీవితంలోనే ఉంది. వెర్మాంట్ వెళ్ళాక వాళ్ళు పేరు మార్చుకున్నారు. డెత్ పోయి ఫోర్త్ మూవ్‌మెంట్ అయ్యింది. పాటలు కూడా దేవుడి పాటలు. ఎవరికీ భయం పుట్టించని పేరు, ఎవరికీ అభ్యంతరం లేని విషయం. 1980ల మొదట్లో ఆ పేరుతో రెండు ఆల్బమ్‌లు వేశారు. లోకం పరిగెత్తుకొచ్చిందా? రాలేదు. ఈరోజు ప్రపంచం వెతుక్కుంటూ వచ్చింది పేరు మార్చుకుని చేసిన ఆ ఆల్బమ్‌ల కోసం కాదు, పేరు మార్చనందుకు ఆగిపోయిన పాటల కోసం.

అంటే పేరు మార్చుకోకపోతే చివరికి గెలుస్తారని కాదు నేను చెప్పేది. డేవిడ్ గెలవలేదు. మా పెదనాన్న గెలవలేదు. పేరు మార్చుకుంటే తలుపు తెరుచుకుంటుంది అన్న మాటకి హామీ ఎవరూ ఇవ్వరు, అదీ చెప్పేది. పేరు తీసేయమనడం మొదటి షరతు మాత్రమే. తర్వాత యాస మార్చమంటారు. తర్వాత ఆ పాటలో ఊరి పేరు వద్దంటారు. తర్వాత గొంతు మీది, మొహం ఇంకొకళ్ళది అంటారు. 2021లో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. ఎంజాయ్ ఎంజామి తమిళనాడు దాటి దేశమంతా మోగింది. ఆ పాట రాసి, పాడిన అరివు దళితుడు. ఆ పాటలో వాళ్ళ అమ్మమ్మ తేయాకు తోటల్లో పడిన కష్టం ఉంది. రోలింగ్ స్టోన్ ఇండియా పత్రిక ఆ విజయాల గురించి ముఖచిత్రం వేస్తే అందులో అరివు లేడు. పా. రంజిత్ నిలదీశాకా, గొడవ అయ్యాకా ఆయనకి వేరే ముఖచిత్రం వచ్చింది. పాట విడుదలైంది, పేరు మోగింది, అయినా మొహం కనపడలేదు. విడుదల కావడం ఒక్కటే సరిపోదని ఇంతకంటే బాగా ఎవరు చెప్తారు?

ఇక ఈ కనిపెట్టడం అనే మాట సంగతి. డెత్ బ్యాండ్‌ని 2000ల్లో రికార్డులు సేకరించేవాళ్ళు కనిపెట్టారు అని రాస్తుంటారు. 500 కాపీల ఆ చిన్న రికార్డు చేతులు మారుతూ వందల డాలర్ల ధర పలికింది. ఆ అమ్మకాల్లో అన్నదమ్ములకి ఒక్క పైసా రాదు, పాత వస్తువుల బేరం అంతే. బాబీ తన కొడుకులకి కూడా ఆ బ్యాండ్ గురించి చెప్పలేదు. ఆ పాట ఎక్కడో మోగుతుంటే కొడుకు తండ్రి గొంతు గుర్తుపట్టాడు. అప్పుడు ఇంట్లో అడిగితే కథ బయటపడింది. దెబ్బ తిన్నవాడు పిల్లలకి ఎందుకు చెప్పడో మనకి బాగా తెలుసు. మన ఇళ్ళల్లో ఎన్ని విషయాలు చెప్పరు! చదువు ఎందుకు మానేశావు నాన్నా అంటే నవ్వేసి ఊరుకుంటారు. వాళ్ళు కనిపెట్టారు అన్న వస్తువు ఒక ఇంటి అటక మీద ఏళ్ళ తరబడి ఉంది. దాన్ని పోనివ్వకుండా దాచినవాడు బాబీ. దాచమన్నవాడు డేవిడ్. చరిత్రకారులంటే ముందు ఈ ఇద్దరినీ అనాలి.

తేదీల మాట కూడా చూడండి. రమోన్స్ మొదటి ఆల్బమ్ 1976 ఏప్రిల్‌లో వచ్చింది కాబట్టి పంక్ అప్పుడు పుట్టిందని పుస్తకాలు రాశాయి. నేను ఆ బ్యాండ్‌ని తక్కువ చేయడం లేదు. ఎవరు ముందు అనే పోటీ కూడా నాకొద్దు. నా అభ్యంతరం కొలత మీద. విడుదలైన తేదీతో చరిత్ర రాస్తే, విడుదల చేసే అధికారం ఉన్నవాడే చరిత్ర రాసినట్టు. మన సాహిత్యానికీ అదే కొలత. దళిత కవిత్వం 1990ల్లో మొదలైందని, చిక్కనవుతున్న పాట సంకలనం వచ్చిన 1995ని గుర్తుగా పెట్టుకుని మాట్లాడేవాళ్ళున్నారు. ఆ పుస్తకం చాలా పెద్ద పని చేసింది, సందేహం లేదు. కానీ అచ్చుకాకముందు మన పొలాల్లో, చర్చిల్లో, హాస్టళ్ళలో, చావు ఊరేగింపుల్లో పుట్టిన పాటకి తేదీ ఎవరు వేస్తారు?

మనమే వేయాలి. ఈ భాగం రాయడానికి అసలు కారణం అదే. 1980లు, 90ల్లో మన సభల్లో, పాదయాత్రల్లో, వర్ధంతుల్లో పాడిన పాటలు వేల క్యాసెట్లలో ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం ఏ కంపెనీ వేసినవీ కావు. ఎవరో టేప్ రికార్డర్ పెట్టి పట్టుకున్నవి. అవి మీ అటకల మీద, రేకు పెట్టెల్లో, పాత సూట్‌కేసుల్లో ఉన్నాయి. వాటికి ఇక ఎక్కువ ఏళ్ళు లేవు.

కాబట్టి ఈ ఆదివారం పెట్టెలు దించండి. బూజు పట్టిన టేపుని ఆత్రంగా ప్లేయర్‌లో పెట్టకండి, తెగిపోతుంది, ప్లేయర్ కూడా పాడవుతుంది. తెలిసినవాళ్ళ దగ్గర శుభ్రం చేయించి కంప్యూటర్‌లోకి ఎక్కించండి. బాగున్న క్యాసెట్ అయితే ముందు దాని పై అంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ పలకలు విరిచేయండి, ఇక దాని మీద పొరపాటున వేరే రికార్డు పడదు. మన పాటలు ఎన్నింటి మీద సినిమా పాటలు పడ్డాయో లెక్కలేదు. తడి తగలనీయకండి. స్పీకర్ల పక్కన, అయస్కాంతాల పక్కన పెట్టకండి. ఎక్కించినదాన్ని రెండు వేర్వేరు ఇళ్ళల్లో ఉంచండి. అన్నిటికంటే ముఖ్యమైనది కాగితం. పాడింది ఎవరు, కట్టింది ఎవరు, డప్పు ఎవరిది, ఏ ఊరు, ఏ ఏడాది, ఏ సందర్భం. పెద్దవాళ్ళు బతికుండగానే పక్కన కూర్చుని అడిగి రాయండి. జానపదం అని మాత్రం రాయకండి. మనిషి పేరు రాయండి, ఇంటిపేరుతో సహా.

ఇప్పుడు పాడుతున్న పిల్లలకి ఒక మాట. మా కాలంలోలాగా కంపెనీ గడప దగ్గర నిలబడాల్సిన అవసరం ఇప్పుడు అంత లేదు. ఫోన్లో రికార్డు చేసి రాత్రికి రాత్రి లోకం ముందు పెట్టొచ్చు. అయినా షరతులు పోలేదు, రూపం మార్చుకున్నాయి. ఈ మాట ఉంటే స్పాన్సర్ రాడు, ఈ పేరుంటే కాలేజీ ఫెస్ట్‌కి పిలవరు, నీలి జెండా కనపడకపోతే బాగుంటుంది అంటారు. మీకు ఇల్లు గడవాలి, ఈఎంఐలు కట్టాలి, నాకు తెలుసు. ఒప్పుకోవాలా వద్దా అన్నది మీ నిర్ణయం. ఎవరైనా ఒప్పుకుంటే నేను ద్రోహి అనను. అయితే ఏం అడుగుతున్నారో పూర్తిగా తెలిసి ఒప్పుకోండి. ఒక్క మాటే కదా అని మాత్రం అనుకోకండి. ఒక్క మాటే అయితే వాళ్ళే వదులుకునేవాళ్ళు.

మద్రాసులో ద క్యాస్ట్‌లెస్ కలెక్టివ్ 2018 జనవరిలో మొదటిసారి వేదికెక్కినప్పుడు వెనక ఎవరి కంపెనీ దయా లేదు. పా. రంజిత్ పెట్టిన నీలం సంస్థ ఉంది. చావు ఊరేగింపుల గానా పాట, పరై దరువు, రాక్ గిటార్ ఒకే వేదిక మీద మోగాయి. పేరు వాళ్ళు పెట్టుకున్నదే. తెలుగు నేల మీద మనకి అలాంటి ఒక సంస్థ కావాలి. స్టూడియో, లేబుల్, హక్కుల కాగితాలు చూసే ఒక లాయరు, పాత టేపులు దాచే ఒక చల్లని గది. ఇవి ఉంటే డేవిడ్‌లాంటి వాడు మన వాడలో పుట్టినప్పుడు పేరు కోసం పాటని చంపుకోనక్కర్లేదు, పాట కోసం పేరునీ చంపుకోనక్కర్లేదు.

మా 4 పాటలు ఎక్కించాం. అట్ట మీద పేరు అలాగే ఉంది. వచ్చే భాగంలో ఈ సంస్థకి ఎంత ఖర్చవుతుందో, ఎవరెవరు ఏం చేయగలరో లెక్కలతో రాస్తాను. ఈలోపు పెట్టెలు దించండి.

జై భీమ్.